పాచినోటితో తొమ్మిది రోజులు

శాలువా

నేను రిటైరైన రోజు ఆసుపత్రి మీటింగ్ హాల్లో శాలువా కప్పి, మైకులో "రూతు సిస్టర్ సేవామూర్తి" అన్నారు. సేవామూర్తి అట! ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మంట. ఇరవై నాలుగు మంచాల వార్డుకు పొద్దుటి డ్యూటీలో ఇద్దరే నర్సులను ఇచ్చి, మూడో మనిషిని అడిగితే "సర్దుకోండి" అన్నవాళ్లే ఆ మైకు పట్టుకున్నారు. నేను అందరికీ దండం పెట్టి, సమోసా తిని, ఆటో ఎక్కి సరూర్‌నగర్‌లో ఇంటికొచ్చాను.

ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేశాను. చివరి పదహారేళ్లు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. అందులో తొమ్మిదేళ్లు మూడో అంతస్తు మెడికల్ వార్డుకు ఇన్‌ఛార్జిని. ఆసుపత్రి పేరు రాయను. రాస్తే ఆ ఒక్కదాన్నే తిట్టుకుని, మిగతావాళ్లు చేతులు దులుపుకుంటారు. ఇది ఒక్క చోట జరిగే సంగతి కాదు.

కొత్తగా డ్యూటీలో చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ పోస్టు ఎప్పుడొచ్చింది, ఎవరు ఏ సర్టిఫికెట్ ఇచ్చారు అనేవి మీకు అక్కర్లేదు. నేను రాసేది పేషెంటు నోరు కడగడం గురించి. నవ్వకండి. నేనూ ఒకప్పుడు నవ్వినదాన్నే.

కాలేజీలో మొదటి ఏడాదే ఈ పని నేర్పుతారు. బొమ్మను పడుకోబెట్టి, తల పక్కకు తిప్పి, ట్రేలో దూది, చిమ్టా పెట్టి, మార్కులు వేసి చూపిస్తారు. ఆ తర్వాత మీ సర్వీసంతా ఏ డాక్టరూ, ఏ సూపరింటెండెంటూ "ఈ పేషెంటు నోరు చూశావా?" అని మిమ్మల్ని అడగరు. బీపీ అడుగుతారు, షుగర్ అడుగుతారు, యూరిన్ ఎంత వచ్చిందని అడుగుతారు. నోటికి మాత్రం చార్టులో ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టాలి. మా వార్డులో డ్యూటీ దిగే ముందు ఆ టిక్కులన్నీ ఒకేసారి, ఒకే పెన్నుతో, నిలబడే పెట్టేసేవాళ్లం. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు ఆ టిక్కులు చూసి "వెరీ గుడ్" అని వెళ్లిపోయారు. ఒక్కడూ ఒక్క నోరు తెరిపించి చూడలేదు.

పదకొండో మంచం

పదకొండో మంచం మీది బాలమణెమ్మది అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక లోపలికి ఒక ఊరు. డెబ్భై దాటిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ఎడమ చెయ్యి మాత్రం బాగానే ఆడేది. కళ్లతో అందరినీ గుర్తుపట్టేది. ఒక్కతే కూతురు సుజాత. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో చీరలకు ఫాల్, పీకో కుట్టే మిషను పెట్టుకుంది. మా దగ్గర అటెండెంట్లను వార్డులో ఉండనివ్వరు. సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు తలుపు దగ్గర నిలబడి చూసి పోవాలి. గాజు తలుపులు, తళతళలాడే గచ్చు, వాటి మధ్యలో ఊరోళ్లు కూర్చుంటే బాగుండదని యాజమాన్యం బాధ.

చేర్చిన రోజు సాయంత్రం సుజాత ఒక చిన్న పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎర్ర పళ్లపొడి.

"సిస్టర్, మా అమ్మ బ్రష్‌తోని తోముకోదు. గీ పొడి వేలుతోని ఏసుకుంటది. మొఖం కడుక్కోంది ఆమె మంచినీళ్లు గూడ ముట్టదు. జర యాదికి పెట్టుకోండ్రి."

"అన్నీ మేం చూసుకుంటమమ్మా, నువ్వు పరేషాన్ కాకు" అన్నాను. పొట్లాన్ని మంచం పక్క డబ్బాలో పెట్టాను. ఇంటి నుంచి వచ్చిన సామాను డబ్బాలో పెట్టడం, డిశ్చార్జి రోజు తిరిగి ఇవ్వడం మా పద్ధతి. మధ్యలో ఆ డబ్బా తెరిచే అలవాటు మాకు లేదు.

రెండో రోజు పొద్దున పెద్ద డాక్టరు గొంతు పరీక్ష చేశాడు. మింగగలుగుతోంది, మెత్తటి తిండి చెంచాతో పెట్టొచ్చన్నాడు. రాగి జావ వచ్చింది. మా జూనియర్ నర్సు చెంచా పెదాల దగ్గర పెట్టగానే బాలమణెమ్మ నోరు బిగించేసింది. ఎడమ చేతి చూపుడు వేలు నోటి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ ఆడించింది.

"ఆకలైతున్నదంట సిస్టర్" అంది ఆ పిల్ల. మళ్లీ చెంచా పెట్టింది. ముసలామె మళ్లీ నోరు మూసింది. మళ్లీ వేలు చూపించింది.

నేనూ వెళ్లి ప్రయత్నించాను. "అవ్వా, నోరు తెర్వు. తింటేనే మంచిగైతవ్" అని బతిమాలాను. ఆమె నా కళ్లలోకి చూస్తూ వేలితో పైపళ్లను రుద్ది చూపించింది. అయినా నాకు తట్టలేదు. "ఆకలంటది, పెడితే తినదు, బుర్ర సరిగ్గా పనిచేస్తలేదు" అనుకున్నాను. తిండి నిరాకరించింది, అయోమయంగా ఉంది అని చార్టులో రాశాను. నోటి గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కు నాదే, కింద సంతకమూ నాదే.

ఇప్పుడు నా మీద నాకు ఎందుకింత కోపమో చెప్తాను. చౌటుప్పల్ వైపు పల్లెలో పుట్టినదాన్ని నేను. మా అమ్మ కూడా ఎర్రపొడి వేలితోనే రుద్దుకునేది. చిన్నప్పుడు నేను నిద్ర లేవగానే ప్రార్థనకు మోకాళ్లూనితే "పాచినోటితోని ప్రార్థన ఏందే, పో, మొఖం కడుక్కొని రా" అని వీపు మీద ఒక్కటి వేసేది. పళ్లు తోముకోకుండా దేవుడి పేరే ఎత్తనివ్వని ఇంట్లో పెరిగాను. ఆ జూనియర్ పిల్ల సిటీలో పుట్టింది, బ్రష్ తప్ప ఎరగదు, దానికి తెలియలేదంటే అర్థముంది. నాకేమైంది? నా కళ్లకేమైంది?

యాదమ్మ మాట

మా వార్డు ఆయా యాదమ్మ. సైదాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. పక్కబట్టలు మార్చడం, బెడ్‌పాన్లు తీయడం ఆమె పని. మూడో రోజు పొద్దున నేను చెంచాతో తంటాలు పడుతుంటే వెనక నిలబడి చూసింది.

"సిస్టర్, గామె ఆకలి అంటలేదు. పండ్లు తోమమంటున్నది. పాచినోటితోని ఎట్ల తింటది?"

ఎంత సూటిగా చెప్పింది! విని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ పక్కన ఇద్దరు జూనియర్లున్నారు. రౌండ్స్‌కు డాక్టరు వచ్చే వేళ. ఆయా వచ్చి ఇన్‌ఛార్జికి పేషెంటు సంగతి చెప్పడమేంటని నాకు చిర్రెత్తింది.

"నీ పని నువ్వు చూస్కో యాదమ్మా. నువ్వేమన్న డాక్టరువా?" అన్నాను.

ఆమె మొహం మాడ్చుకుని, బక్కెట్ తీసుకుని వెళ్లిపోయింది. నా ముప్పై నాలుగేళ్ల నౌకరీలో నేను అన్న మాటల్లో ఒక్కదాన్ని వెనక్కి తీసుకునే వీలుంటే ఆ మాటే తీసుకుంటాను. ఆయమ్మలు పేషెంట్లను మనకంటే దగ్గర నుంచి చూస్తారు. వాళ్ల నోరు మూయించే నర్సు ఎంత చదివినా దండగే.

డాక్టరు వచ్చాడు, చార్టు చూశాడు. పేషెంటు మొహం సరిగ్గా చూడనే లేదు. "తినట్లేదా? ముక్కులోంచి ట్యూబ్ వేసేయండి సిస్టర్" అన్నాడు. వేశాను. మరుసటి రోజు ఆమె ఎడమ చేత్తో దాన్ని పీకేసింది. మళ్లీ వేశాను. మళ్లీ పీకుతుందని ఆ ఎడమ చేతిని మెత్తటి గుడ్డతో మంచం కమ్మీకి కట్టమని ఆర్డరు వచ్చింది. కట్టించాను, పైన దుప్పటి కప్పించాను. ఆమెకు ఉన్న ఒక్క మాట ఆ చెయ్యి. దాన్నీ కట్టేశాం. అప్పటి నుంచి ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు. "ఇప్పుడు సైలెంట్‌గా ఉంది" అని డ్యూటీ అప్పగించేటప్పుడు ఒకరికొకరం చెప్పుకున్నాం కూడా.

ట్యూబ్ వేశాక ఇక నోటితో పనేముంది అనుకుంటారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. అసలు సంగతి తలకిందులు. నమలడం ఉండదు కాబట్టి ఉమ్మి ఊరదు, నోరు ఎండిపోతుంది, మురికి పేరుకుంటుంది. ఆ మురికి ఉమ్మి కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పక్షవాతం వచ్చిన మనిషికి దాన్ని దగ్గి బయటికి తెచ్చే బలం ఉండదు. అందుకే ట్యూబ్ ఉన్న పేషెంటు నోటినే ఇంకా ఎక్కువగా చూడాలి. ఇది నాకు తెలియక కాదు. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా.

తొమ్మిదో రోజు

ఎనిమిదో రోజు జ్వరం వచ్చింది. గొంతులో గురగుర. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపించింది, నిమోనియా అన్నారు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కఫం తీయడానికి సక్షన్ పైపు పట్టుకుని నేనే వెళ్లాను. టార్చి వేసి, గడ్డం కిందికి లాగి చూశాను.

రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాస్తాను, మీరు చదవాలి. నాలుక మీద గోధుమరంగు పొర ఎండి పగుళ్లిచ్చింది. అంగిట్లో చెప్పు తోలులాంటి పెచ్చులు అతుక్కుని ఉన్నాయి. పెదాలు మూలల్లో చీలి నెత్తురు గడ్డకట్టింది. ఆ వాసనకు నేనే మొహం పక్కకు తిప్పుకున్నాను. తొమ్మిది రోజులు! రోజుకు మూడు డ్యూటీలు. ప్రతి డ్యూటీకి ఒక టిక్కు. ఒక్క టిక్కూ నిజం కాదు.

యాదమ్మను పిలిచాను. వచ్చి వేడినీళ్ల గిన్నె పట్టుకుంది. మంచం తలవైపు ఎత్తి, ఆమె తల పక్కకు తిప్పి, తడి గుడ్డ వేలికి చుట్టుకుని కొంచెం కొంచెంగా నానబెట్టి తీశాను. లాగితే నెత్తురొస్తుంది, నానాలి. నీరు గొంతులోకి పోకుండా యాదమ్మ సక్షన్ పైపు పట్టుకుంది. ముప్పావుగంట పైనే పట్టింది. బయట నన్ను పిలుస్తూనే ఉన్నారు, పలకలేదు. చివర డబ్బా తెరిచి ఆ పొట్లం విప్పాను. చిటికెడు ఎర్రపొడి.

యాదమ్మ అడక్కుండానే ఆ ఎడమ చేతి కట్టు విప్పింది. బాలమణెమ్మ వేలు చాచింది. ఆ పొడిలో అద్దుకుని, తన ముందు పళ్లు తనే రుద్దుకుంది. కళ్లు మూసుకుని రుద్దుకుంది. మేం తుడిచాక నోరు పెద్దగా తెరిచి, వేలు లోపలికి చూపించి, తర్వాత పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

అన్నం అడిగింది. తొమ్మిది రోజుల తర్వాత ముఖం కడుక్కుంది కాబట్టి అన్నం అడిగింది.

యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది. నేను డాక్టరుకు ఫోన్ చేశాను. "ఈ ఊపిరితో చెంచా పెడితే గొంతులో పడుతుంది సిస్టర్, ఇప్పుడు నోటితో ఏమీ ఇవ్వొద్దు" అన్నాడు. ఆ మాట సరైనదే, అందుకే నా కడుపు మండింది. రెండో రోజు ఆమె తినగలిగేది, మేం నోరు కడగలేదు. తొమ్మిదో రోజు నోరు కడిగాం, ఆమె తినలేని స్థితిలో ఉంది. తెరిచిన నోటిలో నేను ఏమీ పెట్టలేకపోయాను.

పదమూడో రోజు పొద్దున ఆమె చనిపోయింది. మేం నోరు కడిగుంటే బతికేదా? చెప్పలేను. పక్షవాతమే చిన్నది కాదు. కానీ అడిగిన అన్నం నోట పడకుండా పోయింది, ఉన్న ఒక్క చెయ్యీ కట్టించుకుని పడుంది, అది మాత్రం మా చేతులారా జరిగింది.

నా అబద్ధం

కాగితాల పని అయ్యే లోపల సుజాత వార్డు తలుపు దగ్గర నిలబడింది. నా పక్కన మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం ఉంది. గుంటూరు వైపు మనిషి, చెడ్డది కాదు, భయస్థురాలు. అంతకుముందే నన్ను పక్కకు పిలిచి, "రూతుగారూ, చార్టులో ఏముందో అదే చెప్పండి. లేనిపోని తలనొప్పులు మనకెందుకండీ?" అంది.

సుజాత ఏడ్వట్లేదు. ఒక్క మాటే అడిగింది.

"సిస్టర్, మా అమ్మ నోరు రోజు కడిగిన్రా?"

వెనకే నిలబడ్డ యాదమ్మ వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"కడిగినం బిడ్డా. నేనే కడిగిన. రోజు" అన్నాను.

సుజాత నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "మీ చేతులు సల్లగుండ సిస్టర్. పాచినోటితోని పోలే మా అమ్మ. నాకు గంతే సాలు" అంది.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. కాగితాల మీద సంతకం పెట్టించుకుని పంపించాను.

మగ్గు, బ్రష్, టార్చి

ఆ తర్వాత నా వార్డులో నేను రాక్షసినయ్యాను. జూనియర్లు నా వెనక "టార్చి సిస్టర్" అనుకునేవాళ్లని నాకు తెలుసు. ప్రతి మంచం దగ్గర ఒక మగ్గు, చిన్నపిల్లల మెత్తటి బ్రష్, ఒక చిన్న గిన్నె పెట్టించాను. డ్యూటీ అప్పగించేటప్పుడు చార్టు మూసి, టార్చి తీసి, మంచం మంచం తిరిగి నోళ్లు చూసేదాన్ని. నోరు శుభ్రం కాకుండా చెంచా ఎత్తకూడదు, మాత్ర ఇవ్వకూడదు. కట్టుడు పళ్లుంటే తీసి కడగాలి, రాత్రికి పక్కన పెట్టాలి. స్పృహ లేని మనిషైతే తల పక్కకు తిప్పకుండా చుక్క నీరు పోయకూడదు. మొదటి రోజే ఇంటివాళ్లను అడగాలి, "ఈయన ఎప్పుడు, దేనితో పళ్లు తోముకుంటడు?" అని. వేపపుల్లా, పొడా, పేస్టా? ఆ ఒక్క ప్రశ్నకు అర నిమిషం పట్టదు.

తినడం మానేశారని రాసిన పేషెంట్లలో కొందరు మొహం కడగ్గానే ఇడ్లీ అడిగారు. నేను లెక్కలు కట్టలేదు, కళ్లతో చూశాను. ఆయాల మాట వినడం నేర్చుకున్నాను. యాదమ్మకు అందరి ముందూ క్షమాపణ చెప్పాను. "పోనియ్ సిస్టర్, గిప్పుడు ఇంటున్నరు గద" అంది. అంతకంటే ఎక్కువ నేనేమీ ఆశించలేదు.

మేడం మాత్రం ఒప్పుకోలేదు. "ఒక్క బ్రష్ కోసం ఇంత గోలేంటండీ? అది ఆయాల పని కదా" అంది. పెద్ద డాక్టరు "నోరు చూడ్డానికి డెంటిస్టులున్నారు సిస్టర్" అని నవ్వాడు. అరవై సూదులు పొడిస్తే ట్రీట్‌మెంట్, పళ్లు తోమితే అది ఆయా పని! సిగ్గుండాలి. పోనీ ఆ ఆయాకైనా నేర్పారా, మనుషులనైనా ఇచ్చారా? అదీ లేదు.

నేను రిటైరైన నెలలోపే తనిఖీ ఉందని ఆ మగ్గులన్నీ తీయించేశారని విన్నాను. మంచాల పక్కన చూడ్డానికి బాగోలేదట.

సుజాత మిషను

రిటైరయ్యాక నా చీరలన్నీ సుజాత దగ్గరే ఫాల్ కుట్టించుకునేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి ఆ సందులోకి వెళ్తే చాలు, ఎంతమంది ఉన్నా నన్ను ముందు స్టూలు మీద కూర్చోబెట్టేది. వచ్చిన ఆడవాళ్లందరికీ చెప్పేది, "గీ సిస్టరే మా అమ్మకు రోజు పండ్లు తోమింది. సొంత బిడ్డ గూడ గట్ల చెయ్యదు" అని. నేను నవ్వేదాన్ని. ఏళ్ల తరబడి ఆ పొగడ్త తిన్నాను. శాలువా కప్పినవాళ్లను తిట్టే నేను, ఈ శాలువా మాత్రం భుజాన వేసుకుని తిరిగాను.

ఇది రాయడం మొదలుపెట్టాక ఇక తట్టుకోలేకపోయాను. మీకు చెప్పి ఆమెకు చెప్పకపోతే నేను మనిషినే కాను. పోయిన నెల ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు వెళ్లాను. ఆమె నా చీరే కుడుతోంది. మొత్తం చెప్పాను. వేలు, ట్యూబ్, కట్టిన చెయ్యి, టిక్కులు, నా సంతకాలు, నా అబద్ధం.

మిషను ఆగింది.

"ఎన్ని దినాలు?" అంది.

"తొమ్మిది."

"నేను తెచ్చిన పొడి?"

"డబ్బాల్నే ఉండె."

"ఆమె చెయ్యి కట్టేసిన్రు. పండ్లు తోమమన్నందుకు."

"అవును బిడ్డా."

అప్పుడు ఏడ్చింది. ఆ రోజు వార్డు తలుపు దగ్గర ఏడ్వని మనిషి, మిషను మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. తోసేసింది.

"అమ్మ ఎట్ల పోయినా మీరు నోరు కడిగిన్రని నేను నిమ్మళంగ ఉన్న సిస్టర్. గన్నేండ్లు గా మాట పట్టుకొనే ఉన్న. గిప్పుడు నేనేం పట్టుకోవాలె?"

ఆమె దారం పళ్లతో తెంపి, సగం ఫాల్ కుట్టిన చీరను మడతపెట్టి నా ఒళ్లో పెట్టింది. "ఇంక మీరు వేరేకాడ కుట్టించుకోండ్రి" అంది.

ఆ చీర అలాగే ఉంది. మీరు మాత్రం రేపు డ్యూటీలో నోటి గడి దగ్గరికి వచ్చినప్పుడు పెన్ను కింద పెట్టండి. టార్చి తీసుకుని మంచం దగ్గరికి వెళ్లి, ఆ మనిషి నోరు తెరిపించి చూడండి. సాయంత్రం తలుపు దగ్గర ఆ మనిషి కూతురు నిలబడి, నోరు కడిగిన్రా అని అడుగుతుంది.